దబ్బనం గుచ్చిన నోటు

గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో పాత నోటుకు ధర కట్టగలిగిన మొనగాణ్ణి నేనొక్కణ్ణే. కళ్ళకు గంతలు కట్టి నోటు చేతిలో పెడితే చాలు. ఒక్కసారి వాసన చూసి అది ఏ కాలంనాటిదో, ఎవరి సంతకంతో వచ్చిందో, ఎన్ని బీరువాలు తిరిగిందో, ఇవాళ సేకరించేవాళ్ళ దగ్గర ఎంత పలుకుతుందో చెప్పేసేవాణ్ణి. నా ముక్కు కోసం హైదరాబాదు నుంచి కార్లేసుకుని వచ్చేవాళ్ళు.

పై నాలుగు ముక్కలూ చదివి ఏ కుర్రాడైనా ఉన్న పని మానుకుని ఇందులోకి దిగుతాడేమోనని భయమేసి ఇప్పుడే సర్దుకుంటున్నాను. కారేసుకుని వచ్చినవాడు ఒక్కడే. ఆయనకు అసలు పని మిర్చి యార్డులో. నేను కూర్చునే కొట్టు ముందు కారు పెట్టుకునే చోటు దొరికింది కాబట్టి దిగాడు. ఇక ముక్కంటారా, మిర్చి సీజనులో గుంటూరులో బతికేవాడి ముక్కు దేనికి పనికొస్తుందో నేను చెప్పాలా? తుమ్మడానికి. నోటును ముందే బాగా చూసి పెట్టుకుని, ఆ తర్వాత కళ్ళు మూసుకునేవాణ్ణి. విద్య అంతా అంతే.

బ్యాంకులో క్యాష్ కౌంటరు వెనక కూర్చుని రిటైరయ్యాను. ఉద్యోగంలో ఉండగానే పాత నోట్ల పిచ్చి పట్టింది. రిటైరయ్యాక అరండల్‌పేటలో నా స్నేహితుడి జిరాక్స్ కొట్లో ఓ మూల బల్ల వేయించుకుని, ‘పాత నోట్లకు ధర చెప్పబడును’ అని అట్ట మీద రాసి తగిలించాను. ధర చెప్పడానికి డబ్బు తీసుకునేవాణ్ణి కాదు. నోటు అమ్మిపెడితే కొన్నవాడి దగ్గర కాస్త కమీషను, అంతే.

ఆ స్నేహితుడు చర్చిలో సంఘపెద్ద. చిన్నప్పట్నుంచీ నాతో చదువుకున్నవాడు, ఒక్క అబద్ధం ఆడి ఎరగడు. నేనాడే వాటిని మాత్రం పక్కనే కూర్చుని వినేవాడు. వినలేనప్పుడు మిషను ఆన్ చేసుకునేవాడు.

మా దగ్గరకు వచ్చేవాళ్ళలో నూటికి తొంభైమంది ఫోనులో ఏదో వీడియో చూసి వచ్చేవాళ్ళే. ట్రాక్టరు బొమ్మ ఉన్న ఐదు రూపాయల నోటు ఉంటే లక్షలొస్తాయని దాంట్లో ఎవడో చెబుతాడు. పాపం ఆ నోటును దేవుడి పటం వెనక దాచి, బస్సెక్కి వస్తారు. కొందరు మరీ జాగ్రత్తపరులు, లామినేషన్ చేయించి తెస్తారు. పిల్లలూ, ఈ ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకోండి. పాత నోటును ఉతక్కూడదు, ఇస్త్రీ చెయ్యకూడదు, లామినేషన్ అసలే చేయించకూడదు. ఎంత తాకకుండా ఉంచితే దానికంత విలువ. మడత ఎన్నిసార్లు పడింది, మూలలు అరిగాయా, రంధ్రాలున్నాయా, అలాంటివి లోకంలో ఇంకెన్ని మిగిలాయి, వీటిని బట్టే ధర.

నేను మాత్రం ఎదటివాడి మొహాన్ని బట్టి కట్టేవాణ్ణి. ఐదువందలు చేసేదానికి రెండువేలు అనేవాణ్ణి. నాకొచ్చేదేమీ లేదు. మీ తాత దాచిన నోటు ఇంత ఖరీదు చేస్తుందని చెప్పినప్పుడు మనిషి మనవైపు చూసే చూపు ఒకటుంటుంది. బ్యాంకు కౌంటరు వెనక అన్నేళ్ళు కూర్చుంటే ఒక్కడూ నన్నలా చూడలేదు.

“ఏరా, ఇవాళ ఎంతమందిని లక్షాధికారుల్ని చేశావు?” అని సాయంత్రం కొట్టు కట్టేటప్పుడు అడిగేవాడు స్నేహితుడు.

“నీ సొమ్మేం పోయిందిరా?”

“పోయింది. ఇందాక ఒకాయన్ని జిరాక్స్ డబ్బులడిగితే, ‘మా ఇంట్లో లక్ష రూపాయల నోటుందండీ, తర్వాతిస్తా’ అని వెళ్ళిపోయాడు.”

అలాంటి రోజుల్లో ఓ మధ్యాహ్నం పరుపులు కుట్టే సాయిబు గారు వచ్చాడు. పెదకాకాని వైపు రోడ్డు పక్కన ఆయనకు రేకుల షెడ్డు ఉంది. పాత పరుపులు విప్పి, దూది మిషనులో ఏకి, మళ్ళీ కుట్టిస్తాడు. యాభై దాటిన మనిషి. కనుబొమల్లో దూది పోగులు. పెళ్ళికార్డు అట్టలు రెండింటి మధ్య పెట్టి తెచ్చిన నోటును బల్ల మీద పరిచి నిలబడ్డాడు.

నాకు నిజంగానే తుమ్ము ఆగిపోయింది. రెండు రూపాయల ఎనిమిదణాల నోటు. తెల్లవాళ్ళ కాలంలో కొన్నేళ్ళపాటే వచ్చి ఆగిపోయిన రకం. రాజుగారి తల, పక్కన ఎం అనే అక్షరం, అంటే మద్రాసు ఆఫీసు నుంచి బయటికి వచ్చిందన్నమాట. ఒకే ఒక్క మడత. పైమూల దగ్గర మాత్రం గుండ్రటి రంధ్రం. ఆ రోజుల్లో నోట్ల కట్టకు పిన్నులు గుచ్చేవాళ్ళు, పిన్ను రంధ్రాన్ని సేకరించేవాళ్ళు పెద్దగా పట్టించుకోరు. కాని ఇది పిన్ను కాదు, పరుపు కుట్టే దబ్బనం. పరుపు లోపలి గుడ్డ కుట్టులో ఇరుక్కుపోయిన నోటులోంచి దూసుకుపోయింది. నా ఎరుకలో దబ్బనం గుచ్చిన నోటు అదొక్కటే.

“సార్, నాకు ధర వద్దు. ఇది చిల్లరో సొత్తో చెప్పండి చాలు” అన్నాడాయన.

ఆ మాట నాకు అర్థం కాలేదు. అర్థం కానప్పుడు అడగాలి. నేను అడగలేదు. జిరాక్స్ కోసం నిలబడ్డ నలుగురు కాలేజీ కుర్రాళ్ళు మెడలు చాచి చూస్తున్నారు.

“చిల్లరేంటి సాయిబు గారూ! మూడు లక్షలు! తక్కువలో తక్కువ మూడు లక్షలు!” అన్నాను, నోటును గాలిలోకి ఎత్తి.

కుర్రాళ్ళు ఈల వేశారు. సాయిబు గారి మొహం మాత్రం కళ తప్పింది. నా వైపు నేను అలవాటు పడ్డ చూపు చూడలేదు. పక్కన ఉన్న స్టూలు మీద కూర్చుండిపోయాడు.

“అయితే మనది కాదు సార్” అన్నాడు.

అప్పుడు చెప్పాడు వాళ్ళ పద్ధతి. పాత పరుపు విప్పితే లోపల ఏవేవో దొరుకుతుంటాయి. గుండీలు, పిన్నీసులు, అణాలు, కానీలు. చిల్లరైతే ఏకినవాడు ఉంచుకోవచ్చు, ఎవరూ అడగరు. ముక్కుపుడకో, ఉంగరమో, కాగితమో, విలువైనదేదైనా దొరికితే పరుపు గలవాళ్ళకు చేర్చాలి. తండ్రి నాటి నుంచి అదే కట్టుబాటు. అది తప్పినవాడికి ఆ చుట్టుపక్కల ఊళ్ళలో ఎవరూ పరుపు ఇవ్వరు.

“మిషను మోటారు కాలిపోయింది సార్. మళ్ళీ చుట్టించినా నిలబడదన్నాడు మెకానిక్కు. దూది ఆటోలో వేసుకెళ్ళి అద్దె మిషను మీద ఏకించుకొస్తున్నా, మిగిలేది ఆటోకే సరి. ఇప్పటికే అందరూ ఫోం పరుపులు కొంటున్నారు. మీరు వెయ్యో, రెండువేలో అంటారు, చిల్లరే కదా అనుకుని కొత్త మిషనుకి బయానా కట్టుకుందామని వచ్చా.” లేచి నోటును మళ్ళీ అట్టల మధ్య పెట్టుకున్నాడు. “పరుపు గలావిడకి రేపే చెప్పేస్తా.”

స్నేహితుడు జిరాక్స్ మిషను ఆపాడు. “సాయిబు గారూ, ఆగండి. మావాడు చెప్పినదాంట్లో కొంత తీసేసి చూసుకోవాలి.”

“ఎంత తీసెయ్యాలి సార్?” అని ఆయన నన్నే అడిగాడు. వెటకారం కాదు, నిజంగానే అడిగాడు.

ఆ కుర్రాళ్ళింకా అక్కడే ఉన్నారు. “ఒక్క పైసా తియ్యక్కర్లేదు” అన్నాను.

రెండు రోజులకు ఫోను చేశాడు. పరుపు గలావిడ ఆయన మాట విని, ‘ఆ పెద్దాయన్నే వచ్చి నలుగురిలో చెప్పమను’ అందట.

స్నేహితుడి స్కూటరు వెనక కూర్చుని బయల్దేరాను. దారి పొడవునా కళ్ళాల్లో మిర్చి ఆరబోసి ఉంది. తుమ్ముకూ తుమ్ముకూ మధ్య నా పథకం చెప్పాను. ఆ నోటు చిల్లర కిందే లెక్క అని చెప్పేస్తాను. అప్పుడది ఆయనకే దక్కుతుంది. తర్వాత నేనే మంచి ధరకు అమ్మిపెడతాను.

“అసలు ధర ఎంత ఉంటుందిరా?” అన్నాడు.

“దబ్బనం రంధ్రం ఉంది కదా. ఎనభై వేలు రావచ్చు.”

“అదే చెప్పు.”

“చెబితే ఆయనకి దక్కదురా!”

“ఇన్నాళ్ళూ పైకి అబద్ధం చెప్పావు, ఇవాళ కిందికి చెబుతానంటున్నావు. మధ్యలో నిజం దగ్గర ఒక్కసారన్నా ఆగవేంట్రా, బస్సు కూడా స్టాపులో ఆగుతుంది!”

“ఇది ధర్మం కోసం.”

“ఎవరి సొమ్ముతో?” అన్నాడు. ఎదురుగా లారీ వచ్చింది. నేను వినపడనట్టు తుమ్మాను.

షెడ్డులో పదిమంది దాకా చేరారు. పరుపు గలావిడ కళ్ళం నుంచి నేరుగా వచ్చింది. అరవై దాటిన మిర్చి రైతు. తలకూ ముక్కుకూ కలిపి తువ్వాలు చుట్టుకుంది. అది విప్పి దులిపేసరికి షెడ్డంతా తుమ్మింది.

“నువ్వేనా నోట్ల పెద్దాయనవి?” అంది.

“నేనేనమ్మా.”

“ఆ పరుపు మా అత్తది. ఆవిడకి వాళ్ళ అమ్మ కుట్టించింది. మూడు లక్షల నోటు మీద పడుకుని ఆవిడ నన్ను పప్పులో ఉప్పు ఎక్కువైందని తిట్టిందంటే నేను నమ్మను. అయినా నాకేం తెలుసు? తమ్ముడూ, ఆ నోటు ఇట్టా పెట్టు. ఇదిగో, అందరూ వినండి. ఈయన ఏమంటే అదే. చిల్లరంటే చిల్లర, సొత్తంటే సొత్తు. నేను మళ్ళీ నోరెత్తను.”

సాయిబు గారు అట్టలు విప్పాడు. నేను భూతద్దం తీశాను. వెలుతురులో పెట్టి చూశాను, వెనక్కి తిప్పాను, పెదవి విరిచాను. చాలాసేపే చూశాను. జీవితంలో మొదటిసారి ఒక నోటుకు ధర తగ్గించి చెప్పబోతున్నాను.

“అమ్మా, ఇది చెల్లని నోటు. రెండున్నర రూపాయలు. పైగా దబ్బనం దిగి పాడైపోయింది. చిల్లరే” అన్నాను.

“సార్!” సాయిబు గారు ముందుకొచ్చాడు. “మొన్న మూడు లక్షలన్నారు కదా!”

ఆ క్షణంలో ఆయన నోరు నొక్కేద్దామనిపించింది. ఎవరి కోసం ఇదంతా చేస్తున్నానో వాడే అడ్డం తిరిగితే ఏం చెయ్యను? తప్పక, ఎన్నడూ ఎవరి ముందూ ఒప్పుకోని సంగతి పదిమందిలో ఒప్పుకున్నాను.

“నేను పెంచి చెబుతాను సాయిబు గారూ. అందరికీ అంతే. అది నా అలవాటు. కావాలంటే మావాణ్ణి అడగండి.”

అందరూ స్నేహితుడి వైపు తిరిగారు.

“పెంచి చెబుతాడు. అది మాత్రం నిజం” అన్నాడు.

“మరి ఇది చిల్లరేనా అన్నా?” అని ఆవిడ సూటిగా అడిగింది.

వాడు రేకుల కప్పు వైపు చూశాడు. “నాకు జిరాక్స్ ఒక్కటే తెలుసమ్మా.”

ఆవిడ నా మొహంలోకి చూసింది. నోటు వైపు చూసింది. మళ్ళీ నా మొహంలోకి చూసింది. తువ్వాలు తలకు చుట్టుకుంది.

“సరే, చిల్లరే. తీసుకో తమ్ముడూ” అని కళ్ళానికి వెళ్ళిపోయింది.

తర్వాతి ఆదివారం బెజవాడలో నోట్లు సేకరించేవాళ్ళంతా కలిసినప్పుడు సాయిబు గారిని వెంటబెట్టుకుని వెళ్ళాను. కొనేవాడు ఆ రంధ్రాన్ని పట్టుకుని బేరమాడాడు. నేనూ ఆ రంధ్రాన్నే పట్టుకుని బేరమాడాను. పిన్ను రంధ్రం ఎవడి దగ్గరైనా ఉంటుంది, దబ్బనం రంధ్రం ఎక్కడన్నా చూశావా, ఇది నోటు కాదు, నోటు ప్లస్ చరిత్ర అన్నాను. చివరికి ఎనభై రెండు వేలకు తెగింది. డబ్బు చేతికొచ్చినప్పుడు సాయిబు గారు దాన్ని చూస్తూ నిలబడ్డాడు కానీ నవ్వలేదు. సంతోషం తట్టుకోలేకపోతున్నాడనుకున్నాను. కొత్త మిషను వెంటనే కొనలేదు. ఓ పది రోజులు తీసుకున్నాడు. బేరం చేస్తున్నాడేమో అనుకున్నాను. మొత్తానికి మిషను వచ్చింది, షెడ్డులో దూది ఎగిరింది.

ఇది నా జీవితంలో నేను చేసిన ఒకే ఒక్క ఘనకార్యం. బ్యాంకు నుంచి వచ్చేసేటప్పుడు వాళ్ళు శాలువా కప్పిందాని కంటే ఇదే నాకు గొప్ప. కుర్రాళ్ళెవరైనా కనిపిస్తే కూర్చోబెట్టి ఇదే చెబుతుంటాను. పుస్తకంలో చదివి నేర్చుకునే ధర ఒకటి, మనిషి అవసరాన్ని చూసి చెప్పే ధర ఇంకొకటి, రెండోదే అసలు విద్య అని. అసలు ధర తెలిసి కూడా, ఒక పేదవాడి చేతికి ఆ నోటు చేరాలని, నా పరువు పదిమందిలో పోగొట్టుకుని మరీ ఇప్పించాను.

ఇక్కడిదాకా రాసి ఆపాను. ఆవిడను గురించి రాశాను కదా, ఒకసారి చదివి వినిపించడం మర్యాద అనిపించింది. పోయిన వారం వెళ్ళాను. ఆవిడ అరుగు మీద కూర్చుని తాలుకాయలు ఏరుతోంది. ఎర్రటి కాయలు ఒక పక్క, రంగు పోయినవి ఒక పక్క. చేతి పని ఆపకుండా మొత్తం విన్నది. మధ్యలో అత్తగారి దగ్గర మాత్రం నవ్వింది.

“అయిపోయిందా?” అంది.

“అయిపోయిందమ్మా. ఎట్లా ఉంది?”

“పట్టకారు సంగతి రాయలేదే?”

“ఏ పట్టకారు?”

“చిల్లరని చెప్పిన నోటుని నువ్వు ఎట్టా ఎత్తావో గుర్తులేదా? ముందు చేతిరుమాలు పరిచావు. జేబులోంచి చిన్న పట్టకారు తీశావు. ఊపిరి బిగబట్టి, అంచు పట్టుకుని లేపావు. పురిటి బిడ్డనన్నా ఎవరూ అట్టా ఎత్తరు! రెండున్నర రూపాయలకి అంత వైభోగం ఏందయ్యా? ఆడున్న వాళ్ళందరికీ తెలిసిపోయింది, ఆ తమ్ముడికి తప్ప.”

నేను కాగితాలు మడిచాను. “తెలిసి ఎందుకు ఇచ్చావమ్మా మరి?”

“నువ్వేమంటే అదేనని అందరి ముందూ అన్నాక ఇంకేం చెయ్యను? మాటంటే మాటే కదా.”

“పోన్లేమ్మా, ఎట్లా అయితేనేం, ఆయనకి మేలు జరిగింది.”

ఆవిడ చేతిలో కాయలు చాటలో పడేసి నా వైపు తిరిగింది.

“ఏం మేలు? నువ్వు అసలు ధర చెబితే చెరి సగం తీసుకుందాం అందామని వచ్చాను నేను. పరుపు మాదైనా విప్పి చూసిన చెయ్యి అతనిది కదా. ఇంతకుముందు ఏకినవాళ్ళెవరూ లోపలి కుట్టు విప్పలేదు. సగం డబ్బు బయానాకి ఎక్కువే అయ్యేది. నలుగురి ముందు, హక్కుగా పుచ్చుకునేవాడు. నేనా మాట అనేలోపల నీ నోరు లేచింది. నువ్వు అమ్మిపెట్టిన మర్నాడు మొత్తం డబ్బు తెచ్చి ఇదిగో ఈ అరుగు మీదే పెట్టాడు. ‘అక్కా, చిల్లర కాదంట, తీసుకో’ అని. చిల్లరేనని ఒప్పుకున్నదాన్ని, ఇప్పుడెట్టా తీసుకునేది? తీసుకోమని వాడు, తీసుకోనని నేను, పది రోజులు తిరిగాడు. ఆఖరికి నేనే తిట్టి మిషను కొనిపించా.”

“ఈ సంగతి నాకు తెలియదమ్మా.”

“నీకెందుకు తెలుస్తుంది, నువ్వు ఊళ్ళమ్మట గొప్ప చెప్పుకుంటా తిరిగావు. అప్పట్నుంచి ఆ తమ్ముడు నన్ను చూస్తే పక్క సందులోంచి పోతాడు. అంతకుముందు నా ఇంట్లో మంచినీళ్ళడిగి తాగేవాడు. రంజానుకి ఒక దిండు, మా పండక్కి ఒక దిండు కుట్టి మనిషితో పంపిస్తాడు, డబ్బులిస్తే పుచ్చుకోడు. నా సగం పోతే పోయింది, ఒక పంట పోయిందనుకుంటా. కానీ నువ్వు ఇప్పించావని మాత్రం రాయమాక. ఇచ్చింది నేను, మొహం దాచుకుంటోంది అతను, నువ్వు చేసిందల్లా అబద్ధం చెప్పటం. ఇంట్లో దిండ్లు పెట్టటానికి చోటు లేదు. పొయ్యేటప్పుడు రెండు పట్టుకుపో.”